నాస్తికుని సత్యవ్రతము: సేవాగ్రామమున గోరా

నాస్తికుడనగా ఈశ్వరుని నమ్మనివాడని నేటి లోకవ్యవహారము. శాస్త్రవ్యవహారము ఇంత సులభమైనది కాదు. పాణినీయమున ఆస్తిక నాస్తిక పదములు మనుష్యుని మతిని బట్టి సిద్ధించుచున్నవి. వ్యాఖ్యాతలు ఆ మతిని పరలోకము కలదనెడి బుద్ధి, లేదనెడి బుద్ధి అని వివరించిరి. మనుస్మృతి మరియొక మార్గమున పోయి వేదనింద చేయువానిని నాస్తికుడనెను. ఈ రెండు నిర్వచనములందును ఈశ్వరుని ప్రసక్తి లేకపోవుట గమనింపదగినది. కావుననే ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారికలలో జగత్కర్తకు స్థానము లేకున్నను సాంఖ్యము ఆస్తికదర్శనముగానే నిలిచినది. కుమారిలభట్టు శ్లోకవార్తికమున సృష్టికర్తృత్వవాదమును తీవ్రముగా ఖండించియు వైదికమతోద్ధారకుడనియే కీర్తింపబడెను.

ఇక సద్గుణముల విషయము. మనువు చెప్పిన ధర్మలక్షణములు పది: ధృతి, క్షమ, దమము మొదలుకొని సత్యము, అక్రోధము వరకు. వానిలో ఈశ్వరభక్తి లేదు. పతంజలి యోగసూత్రములందు అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము అను ఐదు యమములు జాతిదేశకాలములకు అతీతమైన మహావ్రతములుగా మొదట పేర్కొనబడినవి. ఈశ్వరప్రణిధానము తరువాతి నియమములలో చివరిదిగా వచ్చుచున్నది. ఈ క్రమమును యాదృచ్ఛికమని త్రోసివేయుటకు వీలులేదు. యమములు అందరివి. ప్రణిధానము సాధకునిది.

అట్లయినచో యమములను ఆసాంతము పాటించుచు, ప్రణిధానమును బుద్ధిపూర్వకముగా నిరాకరించి, ఆ నిరాకరణమునే తన శీలమునకు ఆధారమని చెప్పుకొను మనుష్యుడు ఎట్లుండును? ఈ ప్రశ్న తెలుగుదేశమున తర్కగోష్ఠులలో గాక ఒక గృహస్థుని జీవితమున పరీక్షింపబడినది. ఆయన గోపరాజు రామచంద్రరావు. జనులెరిగిన పేరు గోరా.

ఆయన 1902 నవంబరు 15న నాటి గంజాం మండలమునందలి ఛత్రపురమున జన్మించెను. పుట్టినది సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబము. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రమున ఉన్నతవిద్య నభ్యసించి, మధుర, కోయంబత్తూరు, కొలంబో నగరములలో పనిచేసి, పిమ్మట కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలలో అధ్యాపకుడాయెను. బాల్యమునుండియు నాస్తికుడు కాడు. ఆచారములు, భయములు, విశ్వాసములు అన్నియు కుటుంబముతో పాటు ఆయనకును సంక్రమించినవే. వానిని ఒక్కొక్కటిగా పరీక్షించి విడిచెను. భూతములున్నవని జనులు విడిచిపోయిన యింట కాపురముండి చూచెను. గ్రహణవేళ గర్భిణులకు చెప్పు నిషేధములను ఆయన సహధర్మచారిణి సరస్వతి గర్భవతిగా నుండియే అతిక్రమించెను. పదియేండ్ల ప్రాయమున వివాహమై వచ్చిన ఆమె భర్త వెంట నడచుటతో ఆగక, తరువాతి కాలమున ఉద్యమమున సమానభాగము వహించినది. యజ్ఞోపవీతము విసర్జించిన నాడు గోరా తండ్రి యిల్లు విడువవలసివచ్చెను. ఈశ్వరభావనపై వ్రాసిన వ్యాసము కారణముగా 1933లో కాకినాడ కళాశాల ఆయనను తొలగించెను. మచిలీపట్టణపు హిందూ కళాశాలలో కొన్నేండ్లు గడచిన పిదప అదే కారణమున ఆ యుద్యోగమును ముగిసినది.

ఇంతవరకు ఇది ఒక హేతువాది కథ. ఇట్టి కథలు ఆ కాలమున మరికొన్ని కలవు; వానిలో చాలవరకు ఖండనముతోనే ఆగినవి. గోరా విషయమున విశేషము తరువాత మొదలైనది.

1940 ఆగస్టులో కృష్ణా మండలము ముదునూరు గ్రామమున నాస్తిక కేంద్రము స్థాపితమాయెను. వేతనము లేదు. ఆస్తి లేదు. వయోజనవిద్య, అస్పృశ్యతా నివారణము, సహపంక్తి భోజనములు అచటి నిత్యకృత్యములు. పౌర్ణమి వెన్నెలలో అన్ని కులములవారు ఒక్క పంక్తిలో కూర్చుండి భుజించుట ఆనాటి గ్రామములలో ఎంతటి సాహసమో పెద్దలెరుగుదురు. 1942 ఉద్యమమున దంపతులిరువురును కారాగారమునకు పోయిరి. సరస్వతి చిన్న కుమారుని వెంటబెట్టుకొనియే శిక్ష ననుభవించినది. బిడ్డల పేర్లయందును ఆ కుటుంబపు మనోగతి కానవచ్చును. ఉప్పు సత్యాగ్రహకాలమున పుట్టినవాడు లవణం, ద్వితీయ ప్రపంచయుద్ధము ఆరంభమైనపుడు పుట్టినవాడు సమరం, తొమ్మిదవ సంతానము నౌ. దేవతానామములను విడిచినవారు కాలమునే నామముగా చేసికొనిరి. 1947లో కేంద్రము విజయవాడ పటమటకు తరలినది.

గోరా శీలసిద్ధాంతము సంక్షేపముగా చెప్పదగినది. ఆస్తికత్వము పరాధీనతా మనోవృత్తియని, నాస్తికత్వము మనుష్యుడు తాను స్వతంత్రుడనని గుర్తించుటయని ఆయన మతము. స్వతంత్రుడైనవాడు తన కర్మలకు తానే ఉత్తరవాది; భారమును దైవముపైగాని, విధిపైగాని, పూర్వజన్మముపైగాని మోపుటకు వీలులేదు. సత్యము పలుకవలసినది ఎవ్వరో చూచుచున్నారని కాదు. పదుగురు కలసి జీవించుటకు సత్యము లేనిదే సాధ్యము కాదు గనుక. ఇట తార్కికుడు వెంటనే ఒక శంక లేవదీయును. తాను పెట్టుకొన్న నియమమును తానే సడలించుకొనకుండ ఆపువారెవరు? మీమాంసకునకు ఈశ్వరుడు లేకున్నను అపౌరుషేయమైన వేదచోదన కలదు, ఫలమునకు అపూర్వము కలదు. బౌద్ధునకును జైనునకును కర్మనియమము కలదు. గోరాకు వీనిలో ఏదియు లేదు. ఆయన సమాధానము బహిరంగత. నాస్తికుని జీవితమున దాపరికముండరాదు, చేయునదంతయు పదిమంది కన్నుల ఎదుట చేయవలెను, సమాజమే సాక్షి. ఆస్తికునకు అంతర్యామి యే స్థానమున నున్నాడో, గోరాకు ఇరుగుపొరుగువారు ఆ స్థానమున నున్నారన్నమాట. ఈ సమాధానము ఎంతవరకు నిలుచును అనునది వేరు ప్రశ్న. సమాజమే అధర్మమున మునిగియున్నపుడు దాని సాక్ష్యము దేనికి? ముదునూరు చుట్టుప్రక్కల సమాజము అస్పృశ్యతను ధర్మమనియే తలచుచుండెను. గోరా నిలిచినది ఆ సాక్షికి ఎదురుగనే. కనుక ఆయన శీలమునకు ఆధారము ఆయన చెప్పిన దానికంటె లోతుగా నుండెననియే తోచును. తన వ్రతమునకు మూలమేదో పూర్తిగా చెప్పలేకపోవుట ఆస్తికులలోను సామాన్యమే.

గాంధీజీతో ఆయన సంబంధము 1930లో ఒక లేఖతో మొదలైనది. ఈశ్వరశబ్దమును మీరు వాడుచున్నారు, దాని అర్థమేమి, జీవితాచరణముతో దానికి పొత్తు ఎట్టిదని ప్రశ్న. ఈశ్వరుడు మానవబుద్ధికి అతీతుడని చిన్న ప్రత్యుత్తరము వచ్చెను. ఉపనిషత్తుల నెరిగినవారికి ఇది సంతృప్తికరమైన ఉత్తరమే, వృక్షశాస్త్రాధ్యాపకునకు కాదు. 1941లో మరల వ్రాసెను. నాస్తికత్వము ఆత్మనిరాకరణమనియు, దాని ప్రచారమున ఎవ్వరును కృతార్థులు కాలేదనియు, గోరాకు లభించిన సాఫల్యము చుట్టునున్న ప్రజలలో ఆయన చేయు నిష్కపట సేవవలన వచ్చినదే గాని నాస్తికత్వమువలన కాదనియు గాంధీజీ ప్రత్యుత్తరమిచ్చెను. ఇరువురి నడుమ వివాదమంతయు ఈ వాక్యముననే గర్భితమై యున్నది. గోరా సేవను ఇరువురును అంగీకరించిరి. దానికి మూలము నాస్తికత్వమా, లేక నాస్తికత్వమున్నను తొలగని ఆత్మధర్మమా? ఫలము కన్నుల ఎదుట నున్నది. బీజమును గూర్చియే తగవు.

సేవాగ్రామమున ముఖాముఖి సమావేశము 1944 నవంబరు చివర జరిగినది. సాయంకాలపు నడక వేళ గాంధీజీ, దేవుడు లేని మనుష్యునితో ఏమి మాటలాడుదునని హాస్యమాడెను. ఇరువురును నవ్విరి. గోరా మాత్రము ఆ హాస్యమును అట్లే పోనీయక, తాను దేవుడు లేనివాడు కాడనియు నాస్తికుడనియు, మొదటిది అభావము, రెండవది భావరూపమైన జీవనవిధానమనియు భేదము చెప్పెను. వినుటకు మాటల గారడివలె నున్నను ఇందు విషయము కలదు. ఒకదానిని విడిచినంతమాత్రమున శీలము రాదని, విడిచిన చోట వేరొక నిష్ఠ నాటవలెనని ఆయన ఎరిగియుండెను.

ఆ సంభాషణలలో మిక్కిలి బరువైనది వంగదేశపు క్షామమును గూర్చిన ప్రసక్తి. 1943లో కలకత్తా వీథులలో జనులు ఆకలితో మరణించిరి. మిఠాయిల దుకాణములు ప్రక్కనే తెరచియుండగా, వాని ముంగిటనే ప్రాణములు విడిచిన వారు కలరు. వారు చేయి చాచి తీసికొనలేదేమి? తమ కర్మ యింతేయని నమ్ముట వలననే యని గోరా వాదము. తమ ఆకలి మనుష్యులు చేసిన అన్యాయమని వారు గుర్తించియున్నచో అన్నమును అడిగియుందురు, ఇచ్చువారును ఈశ్వరేచ్ఛయని ఊరకుండక ఇచ్చియుందురని ఆయన చెప్పెను.

ఈ ఆక్షేపణమును ఆస్తికులు తొందరపడి త్రోసివేయరాదు. సిద్ధాంతదృష్ట్యా సమాధానము లేకపోలేదు. కర్మసిద్ధాంతము నిష్క్రియత్వమును బోధింపదు. యోగవాసిష్ఠము ముముక్షువ్యవహార ప్రకరణమున పౌరుషమును ఆకాశమునకెత్తి, దైవమను పదమును మూఢుల కల్పనగా నిరసించినది. మహాభారతము అనుశాసనపర్వమున పురుషకారమును క్షేత్రముతోను దైవమును బీజముతోను పోల్చిన సంవాదము కలదు. దున్నని పొలమున విత్తనము మొలకెత్తదని దాని తాత్పర్యము. ఇంకొక మాటయు కలదు. పరధనమును ముట్టనివాని నడతయందు అస్తేయము కూడ నుండవచ్చును. ఆకలిచే మరణించుచును దొంగిలింపని వానిని విధివాదియని మాత్రమే చూచుట అతనికి అన్యాయము. అయినను, శాస్త్రమున పౌరుషము ఎంత కీర్తింపబడినను, వీథిలో అది తల వ్రాతగా మారినదన్న నిజము ఈ సమాధానములచే చెరిగిపోదు. గోరా ఖండించినది గ్రంథమును గాక నడవడిని. గ్రంథమును చూపి నడవడిని సమర్థించుట తర్కదోషము.

గాంధీజీ ఆ వాదమును విని, తన ఆస్తికత్వమే సరియైనదని గాని గోరా నాస్తికత్వము తప్పని గాని తాను చెప్పజాలననియు, ఇరువురును సత్యాన్వేషకులేయనియు, తప్పు తెలిసినపుడు మార్చుకొనుటయే తమ ధర్మమనియు, మతోన్మాదము లేనంతవరకు హానిలేదనియు భావము వచ్చునట్లు చెప్పి, గోరా పద్ధతి తన పద్ధతికి విరుద్ధమైనను సాయపడుదునని మాట ఇచ్చెను. డెబ్బదియైదేండ్ల వృద్ధుడు, జీవితాంతము రామనామమును జపించినవాడు, పలికిన మాట ఇది. ఇది మర్యాద మాట కాదనుటకు పూర్వచరిత్ర కలదు. 1891లో లండనులో విద్యార్థిగా నున్నపుడు ప్రసిద్ధ ఆంగ్ల నాస్తికుడు చార్లెస్ బ్రాడ్లా అంత్యక్రియలకు ఆయన హాజరయ్యెను. 1931 డిసెంబరులో స్విట్జర్లాండునందలి లొసాన్ నగరమున, ఈశ్వరుడే సత్యమని మొదట చెప్పుచుండిన తాను సత్యమే ఈశ్వరుడని చెప్పుటకు ఏల మారినదియు వివరించుచు, నాస్తికులు సైతము సత్యము యొక్క ఆవశ్యకతను కాదనలేదని పేర్కొనెను. ఉద్దేశ్యవిధేయముల ఈ వ్యత్యయము కేవలము శబ్దచమత్కృతి కాదు. మొదటి వాక్యమున నాస్తికుడు బయట నిలుచును. రెండవదానిలో గడప లోపల నుండును.

ఆ వాక్యమునకు పరీక్ష త్వరలోనే వచ్చినది. గోరా తన పెద్ద కుమార్తె మనోరమను అస్పృశ్యులనబడు వర్గమునకు చెందిన అర్జునరావునకిచ్చి వివాహము చేయ నిశ్చయించెను. కులనిర్మూలనమును గూర్చి ఉపన్యసించినవారు ఆనాడు అనేకులు. కన్నబిడ్డ విషయమున మాట నిలిపినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. సేవాగ్రామమున తానే వివాహము జరిపింతునని గాంధీజీ అంగీకరించెను. కాని తొందరపడలేదు. కన్య ఇంకను చిన్నది, రెండేండ్లు ఆగవలెను, వరుడు ఆ కాలము ఆశ్రమమున శిక్షణ పొందవలెనని నియమము పెట్టెను. పిమ్మట మంత్రభాగము ప్రశ్న వచ్చినది. ఆశ్రమవివాహములు ఈశ్వరనామముతో జరుగును. వధువు తండ్రి నాస్తికుడు. ఈశ్వరుని పేరిట అను స్థానమున సత్యము పేరిట అని చెప్పుదునని గాంధీజీ అనెను, నాస్తికులును సత్యమును గౌరవింతురు గదా యని.

ఇందు ఎవరు ఎవరికి లొంగిరి? నాస్తికుడు సాక్షి లేని వివాహమును కోరలేదు. సత్యసాక్షికమైన ప్రతిజ్ఞను కోరెను. భక్తుడు తన దేవుని విడువలేదు. తన దేవునికి గల పేర్లలో అతిథికి ఆమోదయోగ్యమైన దానిని ఎన్నుకొనెను. తైత్తిరీయోపనిషత్తు బ్రహ్మమునకు చెప్పిన లక్షణములలో సత్యము మొదటిది గనుక ఈ ప్రత్యామ్నాయము వేదాంతికి నష్టమును కలిగింపదు. గోరాకు కూడ నష్టము లేదు. ఆయన సత్యశబ్దముచే బ్రహ్మమును ఉద్దేశింపలేదు, పలికిన మాటకు కట్టుబడుటనే ఉద్దేశించెను. ఒకే శబ్దమును ఇరువురు రెండర్థములలో గ్రహించి ఒకే కార్యము చేయుట సాధ్యమేనా అని నైయాయికుడు అడుగవచ్చును. సాధ్యమైనదనుటకు ఆ వివాహమే ప్రమాణము. గాంధీజీ దానిని చూడలేదు. 1948 జనవరి 30న ఆయన హతుడాయెను. నిశ్చయించిన ప్రకారము మార్చి 13న సేవాగ్రామముననే పెండ్లి జరిగినది.

గోరా తరువాతి జీవితమును విస్తరింపనక్కరలేదు. పార్టీరహిత ప్రజాస్వామ్యము, మంత్రుల నిరాడంబరత, ఉద్యానములలో పూలమొక్కలకు బదులు కూరగాయల పెంపకము మొదలగు అంశములను చేపట్టెను. 1961–62లో సేవాగ్రామము నుండి ఢిల్లీ వరకు పాదయాత్ర చేసెను. కొన్ని ఫలించినవి, కొన్ని నవ్వులపాలైనవి. అయితే 1972లో విజయవాడయందు ఆయన ఏర్పాటు చేసిన గోమాంస వరాహమాంస భక్షణ కార్యక్రమమును మాత్రము దాటిపోవుట న్యాయము కాదు. హిందువునకు ఒకటి, మహమ్మదీయునకు ఒకటి నిషిద్ధము. రెండును ఒక్క పంక్తిలో పెట్టినచో మతభేదము కరగునని ఆయన తలంపు. ఉభయులపట్ల సమదృష్టి యుండెననుట నిజమే. కాని సహపంక్తి భోజనమున పంక్తి విస్తరించినది; ఇందు కోట్లాదిజనుల మనస్సులు నొచ్చి పంక్తి కుంచించుకపోయినది. సేవాగ్రామమున తన కొరకు ఒక పదమును మార్చిన వృద్ధుని సౌకుమార్యమును గోరా ఇచట ఆచరణలో పెట్టలేదు. అహింస ఒకరి శరీరమును బాధింపకుండుటతో ముగియునదైనచో ఇందు దోషము లేదు. మనోవాక్కాయములకు వ్యాపించునదైనచో ఆయన పాటించిన యమములలో ఇది ఒక భంగమే.

ఆయన 1975 జూలై 26న విజయవాడలో ఒక సభలో ప్రసంగించుచుండగనే దేహమును విడిచెను. ఆస్తి ఏమియు మిగిల్చిపోలేదు.

గాంధీజీతో జరిగిన సంభాషణలను గోరా ఆంగ్లమున గ్రంథస్థము చేయగా, 1951లో గాంధీజీ స్థాపించిన నవజీవన సంస్థయే దానిని ప్రచురించెను. పీఠిక వ్రాసినవాడు గాంధీజీ అనంతరము హరిజన పత్రికకు సంపాదకుడైన కిశోరలాల్ మశ్రూవాలా. గోరా పెద్ద కుమారుడు లవణం తండ్రివలెనే నాస్తికుడు. మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను వివాహమాడినవాడు. భూదానయాత్రలో వినోబాభావే ఆంధ్రదేశమున సంచరించినపుడు ఆయన ప్రసంగములను తెలుగున అనువదించినది ఈ లవణమే. వినోబా నోట గీత లేని ప్రసంగము అరుదు. ఊరూర ఆ మాటలను, ఈశ్వరుని పేరుతో సహా, జనులకు నాస్తికుడే వినిపించెను.